వెయ్యి పెట్టి కొనాలా ఆ పుస్తకం?

రామచంద్రాపురం, బీరంగూడ, అమీన్‌పూర్ వైపు చాలా ఇళ్లలో అల్మరా తెరిస్తే రెండు తరాల పుస్తకాలు కనిపిస్తాయి. పై అర తండ్రిది. ఆయనది బీహెచ్‌ఈఎల్‌లోనో పటాన్‌చెరు ఫ్యాక్టరీలోనో మెకానికల్ ఉద్యోగమైతే అక్కడ స్టీమ్ టేబుల్స్ ఉంటాయి. కోయంబత్తూరు పీఎస్‌జీ కాలేజీ వాళ్ల డిజైన్ డేటా బుక్ ఉంటుంది. అట్టలు ఊడిపోయినా, పేజీలు పసుపురంగుకు తిరిగినా వాటిని ఎవరూ పారేయరు. కింది అర కొడుకుదో కూతురిదో. అక్కడ జావా, డాట్‌నెట్, ఒరాకిల్ అని ఇటుకలంత పుస్తకాలు. పాత పేపర్లవాడు వీధిలోకి వచ్చినప్పుడు ముందుగా తూకానికి దిగేవి ఈ కింది అర పుస్తకాలే! నలభై ఏళ్లనాటి పుస్తకం పదిలంగా ఉండటమేమిటి, నాలుగేళ్లనాటిది కిలోల లెక్కన పోవటమేమిటి?

కారణం తెలిసిందే. నీళ్లు ఎంత పీడనం దగ్గర ఎంత వేడికి మరుగుతాయన్న లెక్కకు కొత్త వెర్షన్ రాదు. సాఫ్ట్‌వేర్‌కు వస్తుంది. రావటమే కాదు, పాతదాన్ని పక్కకు నెట్టి మరీ వస్తుంది.

అందుకే ఇంజినీరింగ్ మూడో ఏడు చదివే పిల్ల ‘నాన్నా, ఒక పుస్తకం కొనుక్కోవాలి, వెయ్యి రూపాయలు కావాలి’ అంటే ఇంట్లో చిన్నపాటి చర్చ మొదలవుతుంది. ‘అన్నీ ఫోన్లోనే ఉన్నాయని నువ్వే అంటావు కదమ్మా, మళ్లీ పుస్తకం ఎందుకు?’ అంటాడు తండ్రి. ‘ఈ రోజుల్లో పుస్తకాలు కొనేదెవరు?’ అంటాడు రెండేళ్ల ముందు ఉద్యోగంలో చేరిన బంధువుల అబ్బాయి. పాశమైలారంలోనో బొల్లారంలోనో కాంట్రాక్టు మీద పనిచేసే మనిషికి వెయ్యి రూపాయలంటే దాదాపు రెండు షిఫ్టుల కూలి. ఊరికే తీసి ఇచ్చే డబ్బు కాదు. కాబట్టి ఆ తండ్రి ప్రశ్నకు సరైన జవాబు చెప్పాల్సిందే.

పాతికేళ్ల కిందట ఈ ప్రశ్నే లేదు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంటే ఉన్న దారులు రెండే. ఒకటి అమీర్‌పేట, రెండోది పుస్తకం. పటాన్‌చెరు నుంచి బస్సెక్కి మైత్రీవనం దగ్గర దిగితే ఇన్‌స్టిట్యూట్ బోర్డులు ఆకాశం కనపడకుండా ఉండేవి. క్లాసు వినటం, కింద జిరాక్స్ షాపులో రన్నింగ్ నోట్స్ కొనుక్కోవటం, ఇంటికొచ్చి యశవంత్ కనేత్కర్ ‘లెట్ అస్ సి’ ముందేసుకోవటం... ఒక తరం మొత్తం ఇలాగే నేర్చుకుంది. బాలగురుసామి పుస్తకం లేని హాస్టల్ గది ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. ఇంటర్నెట్ అంటే గంటకింతని లెక్కగట్టి ఇచ్చే నెట్ సెంటరే. అక్కడ కూర్చుని చదువుకునే ఓపిక, డబ్బు ఎవరికుంటాయి?

ఆ రోజుల్లో మన పిల్లలకు కలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. విదేశీ పుస్తకాలనే ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా, టాటా మెగ్రాహిల్, ష్రాఫ్ లాంటి ప్రచురణకర్తలు ఇక్కడే చవక కాగితం మీద అచ్చేసేవారు. అమెరికాలో వంద డాలర్లుండే పాఠ్యపుస్తకం ఇక్కడ మూడు నాలుగొందలకు దొరికేది. ‘భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి’ అని అట్టమీద ఉండేది. అయినా ఎంఎస్‌కు వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయ జాడీ పక్కన ఆ పుస్తకాలు సముద్రాలు దాటేవి. ఇలాంటి చవక పుస్తకాల గొడవే చివరికి అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది. థాయ్‌లాండ్ నుంచి వెళ్లిన సుపాప్ కిర్త్‌సేంగ్ అనే విద్యార్థి, తన దేశం నుంచి చవక ఎడిషన్లు తెప్పించి అక్కడ అమ్మాడు. ప్రచురణ సంస్థ దావా వేసింది. కింది కోర్టులో ఆరు లక్షల డాలర్లు కట్టమన్నారు. 2013 మార్చిలో సుప్రీంకోర్టు మాత్రం, న్యాయంగా కొన్న పుస్తకాన్ని తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడికి ఉంటుందని అతని పక్షాన తీర్పిచ్చింది. పుస్తకానికి అంత విలువున్న రోజులవి.

తర్వాత ఒక్కో మెట్టూ కూలింది. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ పేరుతో పాఠాల తయారీ మొదలుపెట్టాయి. ఇవాళ ఆ వీడియోలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చింది. ప్రోగ్రాంలో ఎక్కడ చిక్కుకున్నా, అప్పటికే అక్కడ చిక్కుకున్నవాడి ప్రశ్న, దానికి జవాబు అందులో సిద్ధంగా ఉండేవి. ప్రోగ్రామర్ల పుస్తకాలకు పెట్టింది పేరైన ఓరైలీ సంస్థ 2017 జూన్‌లో తన వెబ్‌సైట్‌లో పుస్తకాలను విడివిడిగా అమ్మటం మానేసి చందా పద్ధతికి మళ్లింది. అచ్చు పుస్తకాలు వేయటం ఆపలేదు కానీ, గాలి ఎటు వీస్తోందో అందరికీ అర్థమైంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక సంగతి చెప్పేదేముంది! అడిగిందే తడవు ప్రోగ్రాం రాసిపెట్టేస్తోంది.

ఇక పుస్తకం ముసలిదయ్యే వేగం చూడండి. రచయిత రాయటానికి, ప్రచురణకర్త దిద్దటానికి, అచ్చు కావటానికి ఏడాది సులువుగా పడుతుంది. జావా 2017 నుంచి ఆరు నెలలకో కొత్త వెర్షన్ తెస్తోంది. అంటే పుస్తకం షాపులోకి వచ్చేసరికే రెండు వెర్షన్లు దాటిపోయి ఉంటాయి. గూగుల్ 2010లో తెచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌ను నమ్ముకుని లావుపాటి పుస్తకాలు కొన్నవాళ్లు 2016లో కంగుతిన్నారు. ఆ ఏడాది వచ్చిన కొత్త యాంగ్యులర్‌ను మొదటి నుంచి మళ్లీ రాశారు. పాతదానికి 2021 చివర్లో మంగళం పాడేశారు. పైథాన్ రెండో వెర్షన్‌కు 2020 జనవరి 1తో కాలం చెల్లింది. ఫ్లాష్ 2020 డిసెంబరుతో పోయింది. ఆ పుస్తకాలన్నీ ఏమయ్యాయి? పాత పేపర్లవాడి తక్కెడలోకే వెళ్లాయి.

కాబట్టి ఒక సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవచ్చు. ఫలానా సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్ ఎలా వాడాలో చెప్పే పుస్తకానికి వెయ్యి పెట్టటం దండగ. దాన్ని తయారుచేసినవాళ్లే తమ వెబ్‌సైట్‌లో తాజా సమాచారం ఉచితంగా పెడుతున్నారు. ఇరవై ఒక్క రోజుల్లో నేర్పిస్తాం, ఇరవై నాలుగు గంటల్లో నేర్పిస్తాం అనే పుస్తకాలైతే అప్పట్లోనూ అంతంతమాత్రమే.

బంధువుల అబ్బాయి చెప్పింది ఇక్కడిదాకా నిజం. ఇక్కడితో ఆగిపోతేనే చిక్కు.

సి భాషను తయారుచేసిన డెనిస్ రిచీ, బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి రాసిన పుస్తకం 1978లో వచ్చింది. రెండో ఎడిషన్ 1988లో. మూడోది రానేలేదు. రిచీ 2011లో కన్నుమూశారు. సి భాషకు ఆ తర్వాత కొత్త ప్రమాణాలు వచ్చాయి, ఆ పుస్తకంలో అవి లేవు. అయినా మూడొందల పేజీలైనా లేని ఆ పుస్తకం ఇవాళ్టికీ అమ్ముడవుతూనే ఉంది. 1990లో తొలిసారి వచ్చిన ‘ఇంట్రడక్షన్ టు అల్గారిథమ్స్’ నాలుగో ఎడిషన్ 2022లో వచ్చింది. దాదాపు పదమూడొందల పేజీలు. చేత్తో పట్టుకుని చదివేది కాదు, బల్ల మీద పెట్టుకుని చదవాల్సిందే. ఇవి ఎందుకు బతికాయి? ఇవి ఏ మీట నొక్కాలో చెప్పే పుస్తకాలు కావు. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో, ఒక లెక్కను పది విధాలుగా చేయగలిగినప్పుడు ఏ విధం ఎందుకు మంచిదో చెప్పేవి. ఒక విధంగా ఇవి సాఫ్ట్‌వేర్‌లో స్టీమ్ టేబుల్స్.

లినక్స్ కథ తెలిసిందే అయినా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్, ఆండ్రూ టానెన్‌బామ్ ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద 1987లో తెచ్చిన పుస్తకం చదివాడు. అందులో మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను విప్పి చూపించారు. 1991 జనవరిలో కంప్యూటర్ కొనుక్కుని, ఆ ఆగస్టుకల్లా తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రపంచానికి చెప్పాడు. తర్వాత టానెన్‌బామ్‌తోనే పెద్ద వాగ్వాదానికి దిగాడనుకోండి, అది వేరే సంగతి. తన జీవితాన్ని మార్చిన పుస్తకం మాత్రం అదేనని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. మన చేతుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపలా ఉన్నది ఆ లినక్సే.

ఫోనును అడిగి తెలుసుకోవటానికి, పుస్తకం చదవటానికి తేడా ఇక్కడే ఉంది. అడిగి తెలుసుకోవాలంటే ముందు ఏం అడగాలో తెలియాలి. ‘ఈ తప్పు ఎందుకొస్తోంది’ అని అడిగితే జవాబు వస్తుంది. ‘నాకు తెలియదని కూడా నాకు తెలియని సంగతులేమిటి’ అని ఎలా అడుగుతాం? పది మంది ఒకేసారి ఒకే ఖాతాలో డబ్బు వేస్తే ప్రోగ్రాం ఏమవుతుందన్న అనుమానమే రానివాడు ఆ ప్రశ్న ఎవరినీ అడగడు. మంచి పుస్తకంలో ఐదో అధ్యాయంలోనో ఆరో అధ్యాయంలోనో అది దానంతటదే ఎదురవుతుంది.

పైగా జవాబు యంత్రం చెప్పినప్పుడు అది తప్పో ఒప్పో తేల్చుకోవాల్సిన బాధ్యత మనిషిదే. చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, అది రాసిన జవాబులు తమ దగ్గర పెట్టవద్దని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. చూడటానికి బాగున్నా వాటిలో తప్పులు ఎక్కువగా ఉంటున్నాయన్నది వాళ్ల అభ్యంతరం. అప్పటికీ ఇప్పటికీ ఈ యంత్రాలు చాలా మెరుగయ్యాయి. అయినా లేని ప్రోగ్రాం లైబ్రరీని ఉన్నట్టు చెప్పే అలవాటు పూర్తిగా పోలేదు. కంది ఐఐటీలో కృత్రిమ మేధ మీద ప్రత్యేకంగా బీటెక్ 2019లోనే మొదలైంది. అక్కడ కూడా పిల్లలు మొదట కుస్తీపట్టేది గణితం, అల్గారిథమ్స్ లాంటి పాత చదువులతోనే. రుద్రారంలోనో సుల్తాన్‌పూర్‌లోనో చదివి తొలి ఉద్యోగానికి వెళ్లే పిల్లలను ఇంటర్వ్యూలో అడిగేదీ ఎక్కువగా అదే. ఫోను పక్కన పెట్టి కాగితం మీద చెప్పమంటారు. మామూలు ప్రోగ్రాం యంత్రమే రాసిపెడుతున్నప్పుడు, అది రాసింది చదివి తప్పు పట్టుకోలేని కుర్రాడికి జీతం ఎందుకివ్వాలన్నది కంపెనీ ఆలోచన. కూతురు అడిగిన వెయ్యి రూపాయల వెనక ఉన్న అసలు లెక్క ఇది.

సాఫ్ట్‌వేర్ అంటే మాదాపూర్ అద్దాల మేడలే అనుకుంటాం కానీ, పటాన్‌చెరు నుంచి సదాశివపేట దాకా ఉన్న ఫ్యాక్టరీల్లోనూ సాఫ్ట్‌వేర్ మనుషులున్నారు. వాళ్ల దగ్గర పుస్తకం లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

ఇరవై ఏళ్ల కిందట కొన్న ప్యాకింగ్ యంత్రం ఉందనుకుందాం. దాన్ని నడిపే కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ, దాని మీద విజువల్ బేసిక్ 6లో రాసిన ప్రోగ్రాం. విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. ప్రోగ్రాములు రాసే ఆ సాధనానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది 2008లో. ఎక్స్‌పీకి 2014లో. మరి ఎందుకు మార్చరు? యంత్రం బాగానే తిరుగుతోంది కాబట్టి! మార్చాలంటే లైను ఆపాలి, ఆపితే నష్టం. మందుల కంపెనీ అయితే ఇంకా తంటా. అమెరికాకు మందులు పంపేవాళ్లు ఎలక్ట్రానిక్ రికార్డుల విషయంలో అక్కడి ఎఫ్‌డీఏ 1997లో పెట్టిన నిబంధనలు పాటించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న మార్పు చేసినా అది సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి, కాగితాల మీద రుజువు చేయాలి. దానికన్నా పాతదాన్నే జాగ్రత్తగా చూసుకోవటం నయమనుకుంటారు.

అలాంటి యంత్రం ఒక రాత్రి మొరాయిస్తే? వైరస్‌ల భయంతో చాలాచోట్ల ఆ కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఇవ్వరు. సాల్వెంట్లు వాడే బ్లాకుల్లో నిప్పురవ్వ భయంతో ఫోను లోపలికి రానివ్వరు. బయటికొచ్చి వెతికినా పాత సాఫ్ట్‌వేర్ గురించి కంపెనీలు ఒకప్పుడు పెట్టిన పేజీలు చాలావరకు చోటు మారాయి, కొన్ని మాయమయ్యాయి. 2010లో సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ కొన్నాక పాత జావా పేజీల లింకులు ఎన్ని తెగిపోయాయో ఆ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. అప్పుడు మెయింటెనెన్స్ విభాగం బీరువాలో ఉన్న పాత మాన్యువల్, విజువల్ బేసిక్ పుస్తకమే దిక్కు. అమీర్‌పేటలో తూకానికి పోయిన పుస్తకం పాశమైలారంలో ప్రాణదాత! కొత్తగా ఎవరూ అచ్చేయరు కాబట్టి ఇది కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, కోఠి పాత పుస్తకాల షాపుల్లోనో వెతకాలి. ఫ్యాక్టరీలో ఆటోమేషన్ పనిలో ఉన్నవాళ్లు పాత పుస్తకాలను తొందరపడి వదిలించుకోకూడదు.

కొనదలచుకున్నవాళ్లు ఒక మోసం గురించి తెలుసుకోవాలి. కృత్రిమ మేధతో రాత్రికి రాత్రే పుస్తకాలు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. తాకిడి తట్టుకోలేక 2023 సెప్టెంబరులో అమెజాన్, సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్లు రోజుకు మూడుకు మించి పెట్టకూడదని పరిమితి విధించింది. రోజుకు మూడు పుస్తకాలు రాసే రచయిత ఎవరో ఆ దేవుడికే తెలియాలి! కాబట్టి అట్ట మీద పేరున్న ప్రచురణకర్త ఉన్నాడా, రచయిత ఎవరు, ఎన్నో ఎడిషన్ అన్నవి చూసి కొనాలి. రెండో మూడో ఎడిషన్‌కు వచ్చిందంటే జనం చదివారనే కదా. ఫుట్‌పాత్ మీది దొంగ ప్రింట్లతో ఇంకో తలనొప్పి. నవలలో ఒక చుక్క చెరిగినా నష్టం లేదు, ప్రోగ్రాంలో ఒక చుక్క చెరిగితే అది పనిచేయదు.

డబ్బు పెట్టకుండా న్యాయంగా దొరికేవీ ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు అర్పాచి-డుస్సో దంపతులు రాసిన ‘త్రీ ఈజీ పీసెస్’, పైథాన్ మీద అలెన్ డౌనీ రాసిన ‘థింక్ పైథాన్’, ఎంఐటీలో ఏళ్లతరబడి పాఠంగా చెప్పిన 1985 నాటి ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’... ఇవన్నీ రచయితలు, ప్రచురణకర్తల సమ్మతితోనే ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. టెలిగ్రామ్‌లో దొంగ పీడీఎఫ్‌ల కోసం దేవులాడాల్సిన పనిలేదు. ముందు ఇలా రెండు అధ్యాయాలు చదివి, చివరి దాకా చదవగలమనిపిస్తేనే అచ్చు పుస్తకం కొనటం తెలివైన పని. ఏడాదికి ఒకటి చాలు. ముగ్గురు స్నేహితులు మూడు కొని మార్చుకుంటే ఇంకా మంచిది. కొన్నది బల్ల మీద ఉండాలి, పెన్సిలు గీతలు పడాలి, లెక్కలు చేయాలి. అల్మరాలో అలంకారంగా పెట్టేందుకైతే ఆ వెయ్యి రూపాయలు తండ్రి జేబులో ఉండటమే న్యాయం.

చాలామంది మరిచిపోయే దారి ఇంకొకటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్‌కైనా సంగారెడ్డిలో పాత పెంకుటింటికైనా ఇదే లెక్క. అంటే పుస్తకానికి మనం ఇప్పటికే డబ్బు కట్టేశాం. ఇప్పుడు గ్రంథాలయాలకు వెళ్లే యువకుల్లో ఎక్కువమంది గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల వాళ్లే కాబట్టి తెప్పించే పుస్తకాలూ ఎక్కువగా అవే. అడిగేవాళ్లుంటేనే అల్గారిథమ్స్ పుస్తకం వస్తుంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగిన జోగిపేట ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. గ్రంథాలయం పెట్టుకోవటమే ఉద్యమంగా సాగిన కాలమది. ఇప్పుడు ఉద్యమం అక్కర్లేదు. జిల్లా గ్రంథాలయానికి వెళ్లి, కావాల్సిన పుస్తకం పేరు, రచయిత, ఎడిషన్ ఒక కాగితం మీద రాసి గ్రంథాలయాధికారికి ఇవ్వాలి. ఒక్కరు ఇస్తే పక్కన పెడతారేమో. ఒకే కాలేజీ నుంచి ఇరవై మంది సంతకాలతో ఇస్తే పక్కన పెట్టటం కష్టం.